రెండవ తాళం ఎవరి చేతిలో ఉంది?
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలు ఇప్పుడు యూనివర్సిటీలకు పోతున్నారు. సంతోషం. అక్కడ ప్రతి విద్యార్థికీ కంప్యూటరులో ఒక ఖాతా ఇస్తారు. హాల్ టికెట్టు, మార్కులు, ఫీజు రసీదులు అన్నీ అందులోనే. దాని తాళం పాస్‌వర్డు. ఆ తాళం గట్టిది కాదని ఎప్పుడో తేలిపోయింది. 1962లోనే అమెరికాలోని ఎం.ఐ.టి.లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకిచ్చిన కంప్యూటరు సమయం చాలక, అందరి పాస్‌వర్డులున్న ఫైలునే అచ్చు వేయించుకున్నాడు. చదువుకునే కుర్రవాడే అంత పని చేస్తే, ఇక దొంగల సంగతి చెప్పేదేముంది!

అందుకే రెండవ తాళం వచ్చింది. మల్టీ ఫ్యాక్టర్ అథెంటికేషన్ అంటారు. పేరు చూసి భయపడనక్కర్లేదు. పాస్‌వర్డు మనకు తెలిసినది, ఫోను మన దగ్గర ఉన్నది. రెండూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. కోడు మెసేజీగా వస్తుంది. లేదా ఫోనులో అథెంటికేటరు యాప్ పెట్టుకుంటే, సాధారణంగా 30 సెకన్లకొకసారి కొత్త అంకెలు అదే చూపుతుంది, సిగ్నలు లేకపోయినా సరే.

అయితే ఆ ఫోను ఎవరిది? మా దగ్గర చదివిన ఒక అమ్మాయి డిగ్రీలో చేరింది. ఆడపిల్లకు వేరే ఫోనెందుకని ఇంట్లో వాళ్ళు అన్న నెంబరు ఇచ్చారు. అన్న దమ్మాం వెళ్ళాడు. రీచార్జి లేక ఇక్కడి సిమ్ము ఆగిపోయింది. పరీక్ష ఫీజు గడువు నాడు అమ్మాయి పాస్‌వర్డు కొట్టింది, కోడు మాత్రం ఆగిపోయిన ఆ నెంబరుకే పోయింది. వాళ్ళ అబ్బాతో కలిసి మేము మూడు రోజులు ఆఫీసు మెట్లెక్కి దిగి, అపరాధ రుసుము కట్టించి బయటపడ్డాం. ఆ అమ్మాయి చేసిన తప్పేమీ లేదు. ఆ రోజు దరఖాస్తు నింపింది మేమే.

కొందరు నెట్ సెంటరు నెంబరే రాయిస్తారు. ఇంటి చాబీ తీసుకుపోయి బజారులో వేలాడదీసినట్టే.

కోడును కూడా మాయచేసి తీసుకునేవాళ్ళున్నారు. 2025లో మైక్రోసాఫ్ట్ సంస్థ బయటపెట్టిన సంగతి వినండి. అమెరికాలో దొంగలు మూడు యూనివర్సిటీల్లో 11 ఖాతాలు పట్టుకొని, వాటినుంచే 25 యూనివర్సిటీల్లోని దాదాపు 6,000 ఖాతాలకు దొంగ ఈమెయిళ్ళు పంపారు. కోడును దొంగ పేజీలోనే టైపు చేయించుకున్నారు. ఉద్యోగుల జీతాలు తమ బ్యాంకు ఖాతాలకు మళ్ళించుకొని, హెచ్చరిక ఈమెయిళ్ళు కంటబడకుండా చెరిపేశారు. కొన్నిచోట్ల రెండవ తాళంగా తమ ఫోను నెంబరే రాసుకున్నారు! ఇటువంటి పేజీలకు లొంగనివి పాస్‌కీ, సెక్యూరిటీ కీ. అసలు సైటు కాకపోతే అవి పలకవు. మీ యూనివర్సిటీ ఇస్తే అవే పెట్టుకోండి.

పెద్దలకు మా మనవి ఒక్కటే. చదువుకునే ఆడపిల్లకు తన పేర సిమ్ము, తన చేతిలో ఫోను ఉండనివ్వండి. కోడు ఏమొచ్చిందని నాన్న కూడా అడగవద్దు. ఫోను పోతే పనికొచ్చే రికవరీ కోడ్లను కాగితం మీద రాసి, సర్టిఫికెట్ల ఫైలులో దాచండి.

మగ్రిబ్ తర్వాత మేము ఇక్కడే, వరండాలో కూర్చుంటాం. పిల్లలు ఫోన్లు తీసుకొని రండి, ఇషా వరకు ఎంతమందివైతే అంతమందివి సరిచేద్దాం.