కోత మానినా మానని నొప్పి
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయినా ఈ విషయం ఎత్తుకున్నానంటే కారణముంది. ఇందులో సగం వైద్యం, సగం మాటల సంగతి. మాటలు నేర్పడం మా పనే గదా!

రొమ్ము క్యాన్సరు అనే మాట పదిమందిలో పలకడానికే మనవాళ్ళు మొహమాటపడతారు. అయినా రోజులు మారాయి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదింటి ఆడవాళ్ళు కూడా ఆపరేషను దాకా వెళ్ళగలుగుతున్నారు. ఆపరేషను అవుతుంది, కుట్లు విప్పుతారు, రిపోర్టు బాగుందంటారు. ఇంట్లో షుక్రానా నమాజు చదువుతారు. ఇక గండం గడిచిందనుకుంటారు.

కాని ఆరు నెలలైనా ఆమెకు చంకలో, చేతి లోపలివైపు, కోత చుట్టూ మంట పోదు. కుర్తా అంచు తగిలితే భగ్గుమంటుంది. రాత్రిళ్ళు నిద్ర ఉండదు. తక్‌బీర్‌కు చెయ్యెత్తితే లాగుతుంది. ఇంట్లో చెబితే, “రిపోర్టు సాఫ్ వచ్చింది గదా, ఇంకా నొప్పేమిటి?” అంటారు. రెండుసార్లు ఆ మాట పడ్డ మనిషి మూడోసారి చెప్పదు. ఈ మౌనం గురించే నా మనవి.

ఆ నొప్పి నిజమైనది. పక్కటెముకల మధ్య నుంచి వచ్చి, చంకను దాటి, చేతి లోపలివైపు చర్మానికి స్పర్శనిచ్చే నరం ఒకటుంది. దాని పేరు ఇంటర్‌కోస్టోబ్రేకియల్ నరం. రోగం పాకిందేమోనని చంకలోని లింఫు గ్రంథులను తీసేటప్పుడు ఈ నరం దారిలోనే ఉంటుంది. ఎంత నేర్పరి సర్జనుకైనా ఒక్కోసారి అది సాగుతుంది, నలుగుతుంది, తెగుతుంది. దెబ్బతిన్న నరం ఊరుకోదు. తెగిన కరెంటు తీగ రవ్వలు రాల్చినట్టు, ఏ గాయమూ లేకపోయినా మెదడుకు “నొప్పి, నొప్పి” అని కబురు పంపుతూనే ఉంటుంది. అందుకే పైన చర్మం మానినా లోపల బాధ మానదు.

ఇది ఎవరో ఒకరిద్దరి బాధ కూడా కాదు. డెన్మార్కు దేశంలో ఆపరేషను అయి రెండు మూడేళ్ళు గడిచిన 3,253 మంది స్త్రీలను అడిగి, 2009లో ఫలితాలు ప్రచురించారు. నూటికి 47 మంది నొప్పి ఉందన్నారు. చిన్న వయసువాళ్ళకు, చంకలోని గ్రంథులు బాగా తీసినవాళ్ళకు, కరెంటు పెట్టించుకున్నవాళ్ళకు, అనగా రేడియేషను చికిత్స పొందినవాళ్ళకు, ఈ బాధ ఎక్కువని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి వ్యాధుల జాబితా 2022 నుంచి కొత్తగా అమలులోకి వచ్చింది. అందులో ఆపరేషను తరువాత మూడు నెలలు దాటినా పోని నొప్పికి ప్రత్యేకంగా చోటిచ్చారు. లోకం పేరు పెట్టి రాసుకున్న జబ్బును మన ఇంట్లో మాత్రం “వహమ్” అనడం న్యాయమా?

ఇప్పుడు మాటల సంగతి. ఈ నొప్పి ఎక్స్‌రేలో కనిపించదు. డాక్టరు ముఖ్యంగా రోగి చెప్పే మాటను బట్టే పోల్చుకుంటారు. మన ఆడవాళ్ళు డాక్టరు ముందు కూర్చుని “దర్ద్ హై” అని ఒక్క ముక్క చెప్పి తల దించుకుంటారు. ఒక్కోసారి ఆ ముక్క కూడా పక్కనున్న భర్తే చెబుతాడు. డాక్టరు గారు మామూలు నొప్పి బిళ్ళలు రాసి పంపుతారు. నరాల నొప్పికి వాటితో పెద్దగా గుణం కనిపించదు. పైగా కొన్ని రకాలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు చేటు.

మన భాషల్లో మాటలకు కొదవా? జలన్ అంటే మంట. టీస్ అంటే ఉండుండి వచ్చే పోటు. చుభన్ అంటే సూదులు గుచ్చినట్టుండటం. ఝన్‌ఝనాహట్ అంటే తిమ్మిరి, జివ్వుమనడం. సున్ అంటే మొద్దుబారడం. కరెంటు షాకు కొట్టినట్టు, చీమలు పాకినట్టు, బట్ట తగిలినా ఓర్వలేనట్టు అని తెలుగులో చక్కగా చెప్పవచ్చు. ఈ మాటల్లో తనకు తగినవి ఏవో, ఎక్కడో, ఏ వేళలోనో కాగితం మీద రాసుకుని పోవాలి. “మంట, షాకు, మొద్దు” అన్న మూడు మాటలు వింటే డాక్టరుకు నరం గుర్తుకొస్తుంది.

ఇక చికిత్స. అమిట్రిప్టిలిన్ అనే పాత మందు ఉంది. దిగులు జబ్బుకని పుట్టింది, కాని తక్కువ మోతాదులో నరాల నొప్పిని తగ్గిస్తుంది. తరచు రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. కాగితంలో “డిప్రెషన్” అని చదివి, “నాకు పిచ్చి మందు ఇచ్చారు” అని పారేసేవాళ్ళున్నారు. అలా చేయవద్దు. గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. నోరు ఎండుతుంది, మత్తుగా ఉంటుంది. ఫజ్ర్‌కు లేవలేకపోతే, కాస్త పెందలాడే వేసుకోవచ్చునా అని డాక్టరును అడగవచ్చు. గుండె జబ్బు, కంటిలో నీటి ఒత్తిడి ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి.

గాబాపెంటిన్, ప్రిగాబాలిన్ మూర్ఛకు వచ్చిన మందులు. ఇవీ నరాన్ని శాంతపరుస్తాయి. తల తిరగవచ్చు, కాళ్ళు వాయవచ్చు. ఉన్నట్టుండి మానకూడదు. డులోక్సెటిన్ అనే మందు కూడా వాడతారు. కాని టామోక్సిఫెన్ బిళ్ళ వాడుతున్నవాళ్ళు ఆ సంగతి తప్పక చెప్పాలి. డులోక్సెటిన్ దాని పనికి అడ్డుపడే అవకాశముంది. రోజాలు వస్తున్నాయని మందు వేళలు సొంతంగా మార్చుకోకుండా, రంజానుకు ముందే డాక్టరును కలవాలి. రోగికి షరీఅత్ ఇచ్చిన సడలింపు మీకు తెలిసిందే.

పైపూతలూ ఉన్నాయి. చర్మాన్ని మొద్దుబరిచే లిడోకైన్ ఒకటి. మిరపకాయలోని కారపు సారంతో చేసిన క్యాప్సైసిన్ మరొకటి. గుంటూరు మిర్చి తిని కన్నీళ్ళు పెట్టుకునే మనకు ఇది వింతగా తోచవచ్చు! మొదట మండుతుంది, వారాల తరబడి రాయగా నరం మందగిస్తుంది. మానని పుండుమీద రాయకూడదు. రాశాక చేతులు కడుక్కోవాలి. ఇవన్నీ పనిచేయకపోతే నరం దగ్గర ఇంజెక్షను చేసే డాక్టర్లున్నారు.

ఇంట్లో చేసేదీ ఉంది. డాక్టరు అనుమతితో గోడమీద వేళ్ళు నడిపిస్తూ చెయ్యి పైకెత్తడం అలవాటు చేయాలి. లేకుంటే భుజం బిగుసుకుంటుంది. బట్ట తగిలితే ఓర్వలేని చోట రోజూ కాసేపు దూదితో, తరువాత మెత్తటి గుడ్డతో, ఆ తరువాత తువాలుతో మెల్లగా నిమిరితే కొందరికి ఓర్పు పెరుగుతుంది. వేడి ఇటుక కాపడం మాత్రం వద్దు. మొద్దుబారిన చర్మానికి కాలినా తెలియదు. కొత్తగా గడ్డ, చెయ్యి ఎర్రబడి వాచి జ్వరం, ఆయాసం, రాత్రిళ్ళు ఎముకల నొప్పి ఉంటే నరమే అనుకుని ఊరుకోక వెంటనే క్యాన్సరు డాక్టరుకు చూపించాలి.

కొందరు పెద్దలు “సబర్ చెయ్యి బేటీ” అంటారు. సబర్ గొప్పదే. కాని మందు వాడటం సబర్‌కు విరుద్ధం కాదు. వైద్యం చేయించుకోమని హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం వారే ఆదేశించారు గదా! నొప్పి చెప్పుకోనివ్వకపోవడానికి సబర్ అని పేరు పెట్టడం మన తప్పు.

హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని క్యాన్సరు ఆసుపత్రి 1955లో వెలసింది. దానికి నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ గారి పేరుంది. అక్కడ నొప్పి తగ్గించడానికే వేరే విభాగముంది. తోవ ఉంది, నడిపించేవాళ్ళు కావాలి. అందుకే సంఘానికి మూడు మనవులు చేస్తున్నాను. ఒకటి, ఆసుపత్రికి తోడు వెళ్ళి, అక్కయ్య చెప్పలేని మాట డాక్టరుకు చెప్పగల ఇద్దరు ముగ్గురు చదువుకున్న ఆడపిల్లలను ఏర్పాటు చేయాలి. రెండు, ఆపరేషను ఖర్చు ప్రభుత్వం భరించినా, తరువాతి బస్సు చార్జీలకు, మందులకు అర్హులైనవాళ్ళకు జకాత్ నిధి నుంచి కొంత కేటాయించాలి. మూడు, మగవాళ్ళకు. ఈ రాత్రి ఇంటికి పోయి, ఆపరేషను అయిన అమ్మనో, భార్యనో, ఆపానో “రిపోర్టు ఏమన్నారు?” అని కాక, “నొప్పి ఎలా ఉంది?” అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా వినండి.

అల్లా అందరికీ షిఫా ప్రసాదించుగాక, ఆమీన్. సెలవు.