ముద్ర చెరిపే చదువు



అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోచింగులకు తిరుగుతూ, పంజాగుట్ట వైపు గదులు తీసుకుని ఉంటున్న మన పిల్లలు ఈమధ్య మా వార్డెన్లను ఒక మాట అడుగుతున్నారు: "మేడమ్, క్రిమినాలజీ, క్రిమినల్ సైకాలజీ ఆన్‌లైన్‌లో పీజీ చేయొచ్చా?" క్రిమినాలజీ చేయొచ్చు. మన ఎరుకల పిల్లలు చేయాల్సిన చదువే అంటాం మేము. ఎందుకో వినండి.

1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మన తాతముత్తాతల చేత వేలిముద్రలు వేయించారు, హాజరు పలికించారు, స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. 1876లో ఇటలీ వైద్యుడు లాంబ్రోసో, కొందరు పుట్టుకతోనే నేరస్థులని పుస్తకం రాశాడు. ఆ మాట నిలవలేదు. నేరం రక్తంలో రాదు, సావాసంలో నేర్చుకునేదని అమెరికాలో సదర్లాండ్ 1939లో రాశాడు. మన పెద్దలకు జరిగిన అన్యాయానికి జవాబు ఈ శాస్త్రంలోనే ఉంది.

చట్టం 1952లో రద్దయింది. కానీ జైలు మాన్యువళ్ళలో ఆ వాసన పోలేదు. సుకన్య శాంత అనే జర్నలిస్టు వాటిని చదివి కోర్టుకెళ్ళారు. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కాగితాలు చదివేవాళ్ళు మనలోనూ ఉండాలి.

ఇప్పుడు జాగ్రత్తలు. ఫీజు కట్టే ముందు యూజీసీ దూరవిద్యా బ్యూరో వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీ, ఆ కోర్సు, ఆ సంవత్సరం మూడూ ఉన్నాయో లేదో చూడండి. డెబ్ ఐడీ లేకుండా చేరడం కుదరదు. ఏ గల్లీ సెంటరైనా "మా దగ్గరే డిగ్రీ ఇస్తాం" అంటే నమ్మకండి, ఫ్రాంచైజీలను యూజీసీ ఒప్పుకోదు. సైకాలజీని 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి ఆన్‌లైన్‌లో, దూరవిద్యలో చెప్పొద్దని యూజీసీ ఆపించింది. అది కావాలంటే కాలేజీకి వెళ్ళి చదవాల్సిందే. దూరవిద్యలో అయితే ఇగ్నోలో క్రిమినల్ జస్టిస్ పీజీ డిప్లొమా ఉంది, అడ్మిషన్ తెరిచారేమో చూసుకోండి. ఎస్సై పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు. ఈ పీజీ చేస్తే ఉద్యోగం దానంతట అదే వస్తుందనుకోకండి.

అమ్మానాన్నలు బుట్టలల్లి, కూలికెళ్ళి కూడబెట్టిన డబ్బు అది. ఎక్కడ కట్టాలో తేలకపోతే మా వార్డెన్లను ఎవరినైనా అడగండి. కలిసి కూర్చుని చూద్దాం. ఒకప్పుడు మన పేర్లు పోలీసు రిజిస్టర్లలో వాళ్ళు రాశారు. ఇక మీదట నేరం గురించి పుస్తకాలు మనం రాద్దాం.

సెలవు.