ఫోటో చూసి పిల్లల బొమ్మలు వేసే పని

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడరు మాట్లాడినది)



మా సంఘంలో ముగ్గురం పిల్లల ఫోటోలు చూసి రంగులతో బొమ్మలు వేసి ఇస్తున్నాం. ఈ పని నేర్చుకోవాలనుకునే వాళ్ల కోసం నాలుగు మాటలు చెప్తాను.

మొదట ఫోటో బాగుండాలి. సెల్‌ఫోన్ మొహానికి మరీ దగ్గరగా పెడితే ముక్కు పెద్దగా వస్తుంది. నాలుగైదు అడుగుల దూరం నుంచి, బిడ్డ కళ్ల ఎత్తుకి వంగి తీయమనండి. ఫ్లాష్, ఫిల్టర్ వద్దు. పొద్దున పూట అరుగు మీద నీడలో కూర్చోబెట్టి తీస్తే మొహం తీరు బాగా తెలుస్తుంది.

తర్వాత గడులు. 4 అంగుళాలకి 6 అంగుళాల ఫోటో ప్రింటు మీద అంగుళం గడులు గీస్తే 24 వస్తాయి. 12కి 18 అంగుళాల కాన్వాసు మీద 3 అంగుళాల గడులు గీసినా అవే 24. ఏ గడిలో ఉన్నది ఆ గడిలో దించుకుంటూ పోవాలి. పెద్దవాళ్లకి కళ్లు తలకి సుమారు సగంలో ఉంటాయి. చిన్నపిల్లలకి ఇంకా కిందకి ఉంటాయి, నుదురు పెద్దగా ఉంటుంది. ఇది తప్పితే బిడ్డ పెద్దమనిషిలా కనిపిస్తుంది. పళ్లు ఒక్కొక్కటీ గీత గీసి వేయొద్దు. కంటిలో వెలుగు చుక్క మర్చిపోవద్దు.

ఒంటి రంగుకి ఎల్లో ఆకర్, బర్న్ట్ సియెన్నా, తెలుపు, కొద్దిగా ఎరుపు కలుపుతాం. నీడకి నలుపు వాడితే మసి పూసినట్టు ఉంటుంది. బర్న్ట్ సియెన్నాలో కొంచెం అల్ట్రామెరీన్ నీలం కలిపితే బాగుంటుంది.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. బొమ్మ వేయించుకునే వాళ్లలో చాలామంది "కొంచెం తెల్లగా వెయ్యమ్మా" అంటారు. అదీ ఆడపిల్లలకే ఎక్కువ. ఒకావిడ అలా అడిగినప్పుడు పాప పక్కనే నిలబడి విని, తన చెయ్యి తాను చూసుకుంది. "అమ్మా, పాప కళంతా ఈ రంగులోనే ఉంది. మారిస్తే అది వేరే పిల్ల అవుతుంది" అన్నాను. ఆవిడ ఆర్డరు వద్దని వెళ్లిపోయింది. ఆ నెల అప్పు కిస్తీ నేను కూలికెళ్లి కట్టాను. అయినా ముగ్గురం కూర్చుని, రంగు మార్చేది లేదని పుస్తకంలో తీర్మానం రాసుకున్నాం. ఇప్పుడు అడ్వాన్సు తీసుకోకముందే ఆ మాట చెప్తున్నాం.

తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పిల్లల ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు. ధర చెప్పేటప్పుడు రంగులు, కాన్వాసుతో పాటు మీ రోజు కూలీ కూడా లెక్కేయండి.

ఆ బొమ్మ గోడ మీద ఏళ్ల తరబడి ఉంటుంది. బిడ్డ పెద్దయ్యాక చూసి "ఇది నేనే" అనాలి. సమాఖ్య శిక్షణ పెడితే మేం ముగ్గురం వచ్చి నేర్పుతాం. సెలవు.