వృక్షవిశేషము



గోదావరి పల్లపునేలలో పుట్టి పెరిగినవారికి కొండ యనగా దూరమున గానవచ్చు నొక నీలిగీత. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైనది మొదలు మా బ్రదుకంతయు కాలువగట్ల వెంట, వరిచేల నడుమ సాగుచున్నది. నిడదవోలులో ముప్పదినాలుగేండ్లు తెలుగు పాఠములు చెప్పి, ప్రవరుని హిమాలయమున కెన్నిమార్లు పంపితినో లెక్క లేదు. నేను మాత్రము అరువదియారవయేట మొదటిసారిగా కొండదారిని నడచితిని. ఆ నడకలో నాకు గలిగిన బుద్ధిని మీకు మనవి చేయుటకే యీ ప్రసంగము.

గత మాఘమాసమున మా యబ్బాయి మూడుదినముల కొక మోటారుబండిని అద్దెకు దెచ్చెను. అది సినిమావారు క్యారవాన్ అనెడి జాతిది. లోపల పడకలు, గ్యాసుపొయ్యి, నీళ్లతొట్టి, మూలనొక స్నానపుగది కలవు. నా చిన్ననాడు మా తండ్రిగారు గూడుబండిలో గడ్డి పరచి, బియ్యపుమూటయు వంటపాత్రలును వెంటబెట్టుకొని మమ్ము తీర్థములకు గొనిపోవుచుండెడివారు. ఇదియు నట్టి గూడుబండియే. ఎడ్లు మాత్రము లేవు. బిడారము కట్టుకొని పోవుట మనకు క్రొత్త గాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో డేరాలతో, గొప్ప పరివారముతో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, మరుసటియేట తిరిగివచ్చి, ఆ యాత్రను తెలుగులో వ్రాసిపెట్టినారు గదా.

కొవ్వూరువద్ద గోదావరి దాటి, రాజమహేంద్రవరము, గోకవరము, రంపచోడవరములమీదుగా సాయంకాలమునకు మారేడుమిల్లి చేరితిమి. అనుమతి గల చోట బండి నిలిపితిమి. పడకలు చాలనందున నాకును మనుమనికిని ప్రక్కనే డేరా వేసిరి. తొట్టిలో నీరు కొలతగా నుండుటచే, భోజనము కాగానే కోడలు, "మామయ్యగారూ, ఎవరి పళ్లెం వారే కడుక్కోవాలండి, ఒక్క చెంబుతోనే" అనెను. జన్మమున నేను కడిగిన మొదటి పళ్లెమది. నా భార్య మొగము త్రిప్పుకొని నవ్వినది. విశాలమైన యింట ముప్పదియేండ్లుగా నాకు దెలియని యామె శ్రమ, ఆ యిరుకుబండిలో ఒక్కపూటలో తెలిసినది.

మరునాటి యుదయమున అమృతధార యను జలపాతమునకు నడచితిమి. దారి చూపుటకు ఒక కొండరెడ్డి యువకుడు వచ్చెను. పాపికొండల సీమలో గోదావరి కిరువైపుల తరతరములుగా నున్నవారు కొండరెడ్లు. వారి మాటయు తెలుగే. దిగుడుదారి సగము గడవకమునుపే, ప్రవరుని పాదలేపమువలె, నా మోకాళ్లకు రాసికొన్న తైలప్రభావము తీరిపోయినది. ఏటియొడ్డున నొక రాతిమీద కూలబడితిని.

అప్పుడు మనుమడు ఎదుటి మాను చూపి, "తాతయ్యా, ఇది ఏం చెట్టు?" అని యడిగెను. నునుపైన తెల్లని పట్ట, ఏటిమీదికి వంగిన కొమ్మలు. అమరకోశమున వనౌషధివర్గమును పదియేండ్లకే కంఠస్థము చేసినవాడను. నోట వందల చెట్లున్నవి, కంట ఒక్కటియు లేదు. ఊరకుంటిని. ఆ యువకుడు క్రింద రాలిన ఐదురెక్కల కాయ నొకదానిని పిల్లవాని చేతబెట్టి, "ఏరుమద్ది బాబూ" అనెను.

నా గుండె ఝల్లుమన్నది. అర్జునము, కకుభము, నదీసర్జము అని అమరసింహుడు పేర్కొన్నది దీనినే! నదీసర్జమనగా ఏటి సర్జము. ఏరుమద్ది యనగా ఏటి మద్ది. సంస్కృతమున నా పేరు పెట్టినవాడును, తెలుగున నీ పేరు పెట్టినవాడును, ఇట్లే ఏటియొడ్డున నిలిచి ఆ మాను జూచినవారే. చూడనివాడను నే నొక్కడనే.

ఆ రాత్రి డేరాలో నాకు నిద్ర పట్టలేదు. వెనుక నొకనాడు తరగతిలో ఒక బాలుడు లేచి, "కకుభం అంటే ఏ చెట్టండీ, మాస్టారూ?" అని యడిగియుండెను. "వృక్షవిశేషము" అని చెప్పితిని. "అంటే ఏదండీ?" అని మరల నడిగినందుకు బల్లమీద నిలువబెట్టితిని. తెలియదనుటకు సిగ్గుపడి, పిల్లవానిని సిగ్గుపరచితిని. మా యూరి పూర్వనామము నిరవద్యపురము. దోషము లేని పురమని యర్థము. ఆ పురపు టుపాధ్యాయునియందలి దోషమును చూపుటకు కొండలు కావలసివచ్చినవి. ఆ బాలు డిప్పు డెచట నున్నాడో యెరుగను. ఈ మాట వినుచున్నచో, నాయనా, కకుభమనగా ఏరుమద్ది. నీ ప్రశ్న సరియైనది. నా శిక్ష తప్పు.

ఉపాధ్యాయ సోదరులారా, పిల్లలకు చెట్టు చూపుటకు క్యారవాన్ అక్కరలేదు, మారేడుమిల్లి అక్కరలేదు. కాలువగట్టు చాలును. ఇంటికి వచ్చిన మరునాడే మనుమనితో మా గట్టుమీద నడచితిని. కరంజమని నేను వల్లించినది అచటి కానుగయే. ఇంకొక చెట్టు నాకు తెలియలేదు. గేదెలు కాయుచున్న యొక ముసలివానిని అడిగి, పేరు తెలిసికొని, మనుమనిచేత వ్రాయించితిని. ఆ పుస్తకమున నేటికి పదునేడు చెట్లు చేరినవి. వృక్షవిశేషమను మాట అందులో లేదు.

సెలవు.