స్క్రిప్ట్ ఫైల్ బ్రౌజర్‌లో కనిపించాలంటే ఏం చేయాలి?

ఈ రోజు టాపిక్ చాలా చిన్నది. కానీ నేను ఇదే విషయంలో ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నాను. అందుకే చివరిదాకా చూడండి.

మీరు బ్యాకప్ కోసం ఒక డాట్ ఎస్‌హెచ్ ఫైల్ రాసి, సర్వర్‌లో పెట్టి, ఫ్రెండ్‌కి లింక్ పంపారు అనుకుందాం. వాడు నొక్కితే కోడ్ కనిపించదు, ఫైల్ డౌన్‌లోడ్ అయిపోతుంది. ఎందుకు? అందులో ఉన్నది మామూలు అక్షరాలే కదా?

విషయం ఏంటంటే, ఫైల్‌తో పాటు సర్వర్ ‘కంటెంట్-టైప్’ అనే హెడర్ కూడా పంపుతుంది. బ్రౌజర్ ముఖ్యంగా దాన్నే నమ్ముతుంది. ఇంజిన్‌ఎక్స్ తీసుకోండి. దాని మైమ్ టైప్స్ పట్టికలో డాట్ ఎస్‌హెచ్ లేదు. పట్టికలో లేని ఫైల్‌ని మామూలుగా ‘అప్లికేషన్/ఆక్టెట్-స్ట్రీమ్’ అని పంపేస్తుంది. అంటే ‘ఇదేదో బైనరీ, నువ్వే చూసుకో’ అన్నట్టు. బ్రౌజర్ దాన్ని డౌన్‌లోడ్‌లో పడేస్తుంది.

మరి పరిష్కారం? చూపించాల్సిన ఫైల్స్‌కి విడిగా ఒక ఫోల్డర్ పెట్టుకోండి. అపాచీ అయితే ఆ డైరెక్టరీ బ్లాక్‌లో ‘ఫోర్స్‌టైప్ టెక్స్ట్/ప్లెయిన్’ అని ఒక్క లైన్ చాలు. ఇంజిన్‌ఎక్స్ అయితే ఆ లొకేషన్‌లో టైప్స్ బ్లాక్ ఖాళీగా ఉంచి, డీఫాల్ట్ టైప్‌ని టెక్స్ట్/ప్లెయిన్ చేయండి. కోడ్‌లో తెలుగు కామెంట్స్ రాసే అలవాటు ఉంటే చార్‌సెట్ యూటీఎఫ్-8 అని కూడా చెప్పండి. లేకపోతే మన అక్షరాల బదులు పిచ్చి గుర్తులు రావచ్చు. సర్వర్‌ని రీలోడ్ చేసి, టెర్మినల్‌లో కర్ల్ మైనస్ క్యాపిటల్ ఐ కొట్టి హెడర్ చెక్ చేసుకోండి. బ్రౌజర్‌లో చూస్తే పాత క్యాష్ మోసం చేయొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి, పీహెచ్‌పీ. ఇక్కడ ఫోర్స్‌టైప్ ఒక్కటే సరిపోదు. ఎందుకంటే డాట్ పీహెచ్‌పీ ఫైల్‌ని రన్ చేసే పని సర్వర్ ముందే ఒక హ్యాండ్లర్‌కి అప్పగించి ఉంటుంది. మీరు కోడ్ చూపిద్దాం అనుకుంటారు, అది రన్ అయిపోతుంది. సులువైన దారి చెప్తాను. ఫైల్‌ని కాపీ చేసి, ఎక్స్‌టెన్షన్‌ని డాట్ టీఎక్స్‌టీగా మార్చండి. పీహెచ్‌పీ అలాగే ఉంచి దాని వెనకాల టీఎక్స్‌టీ తగిలించకండి. కొన్ని పాత అపాచీ సెటప్‌లలో అలాంటి ఫైల్ కూడా రన్ అవుతుంది.

దీనికి రివర్స్‌లో జరిగితే ఇంకా ప్రమాదం. నా మొదటి ఉద్యోగంలో ఒక రాత్రి సర్వర్‌లో పీహెచ్‌పీ వెర్షన్ మార్చాను. పాత మాడ్యూల్ తీసేశాను, కొత్తది ఆన్ చేయడం మర్చిపోయాను. ఎర్రర్ ఏమీ రాలేదు. అపాచీ చక్కగా నడుస్తోంది. కానీ సైట్ తెరిస్తే పేజీ బదులు కోడ్! ఆ పేజీలోనే డేటాబేస్ పాస్‌వర్డ్ రాసి ఉంది. పది నిమిషాల్లో సరిచేశాను గానీ, ఆ పది నిమిషాల్లో ఎవరు చూశారో ఎలా తెలుస్తుంది? తెల్లారేదాకా కూర్చుని పాస్‌వర్డ్‌లన్నీ మార్చి, లాగ్స్ తిరగేశాను. పొద్దున్నే మా లీడ్‌కి నేనే చెప్పాను. తిట్టారు. ‘దాచకుండా చెప్పావు, అది చాలు’ అని కూడా అన్నారు.

పెద్దవాళ్ళకీ ఇది తప్పలేదండీ. 2007 ఆగస్టులో ఒక సర్వర్ కాన్ఫిగరేషన్ లోపం వల్ల ఫేస్‌బుక్ హోమ్‌పేజీ పీహెచ్‌పీ కోడ్ కొంతమందికి అలాగే కనిపించింది.

అందుకే నేను రెండు నియమాలు పెట్టుకున్నాను. ఒకటి, పాస్‌వర్డ్ ఉన్న ఫైల్ వెబ్ ఫోల్డర్ బయటే ఉండాలి. అప్పుడు కోడ్ బయటపడినా తాళంచెవి బయటపడదు. రెండు, సర్వర్‌లో ఏది మార్చినా వెంటనే కర్ల్‌తో ఒక పేజీ తెచ్చి కళ్ళతో చూడాలి. ‘రన్నింగ్’ అని స్టేటస్ వచ్చినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు.

ఇవాళ్టికి ఇంతే. ఒక్కసారి మీ సర్వర్‌లో ఆ పాస్‌వర్డ్ ఫైల్ ఎక్కడుందో చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండీ.