అడవిని ఊడ్చే పచ్చ ఈగలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈగల గురించి మాట్లాడతాననగానే కార్యదర్శిగారు నవ్వి, "భోజనాలకు ముందు మాత్రం వద్దండీ" అన్నారు. అందుకే అందరి భోజనాలూ అయ్యాక లేచాను.

నేను చెప్పేది ఇంట్లో అన్నం మీద వాలే ఈగ గురించి కాదు. చేపల బజారులోనూ చచ్చిన గొడ్డు మీదా పచ్చగానో నీలంగానో తళతళా మెరిసే ఈగ గురించి. ఇంగ్లీషులో దీన్ని బ్లో ఫ్లై అంటారు. కుటుంబం పేరు కాలిఫోరిడే. ఇంటి ఈగది మస్కిడే కుటుంబం. బూడిదరంగు వీపు మీద నల్లచారలుండే మాంసపు ఈగది సార్కోఫేగిడే. అది సాధారణంగా గుడ్లు పెట్టదు, పిల్లపురుగులనే విడుస్తుంది.

బ్లో ఫ్లైలలో వెయ్యికి పైగా జాతులున్నాయి. రంగును నమ్ముకుంటే పోల్చుకోలేం. క్రైసోమియా, లూసీలియా రెండూ పచ్చగానే మెరుస్తాయి. భూతద్దం పెట్టి రెక్క మొదట్లోని లావుపాటి ఈనెను చూడాలి. దాని పైభాగాన వెంట్రుకల వరుస ఉంటే క్రైసోమియా, నున్నగా ఉంటే లూసీలియా.

ఇక నివాసాలు. ఉష్ణమండలంలో క్రైసోమియా మెగాసెఫలా మనిషి వెంటే తిరుగుతుంది. మరుగుదొడ్లు, చేపల బజార్లు, అడవి అంచు పల్లెలు దాని చోట్లు. క్రైసోమియా పింగ్విస్ థాయిలాండ్, మలేషియా కొండ అడవుల్లో ఎక్కువ. కాలిఫోరా జాతులకు చల్లదనం ఇష్టం కనుక వేడి దేశాల్లో అవి ఎత్తైన కొండలకే ఎక్కుతాయి. సుమత్రా, బోర్నియో అడవుల్లో కుళ్లిన మాంసం వాసన వేసే రఫ్లీషియా పువ్వుకు పరాగసంపర్కం చేసేది కూడా ఈ ఈగలే.

అడవిలో జంతువు చనిపోతే ముందుగా చేరేవాటిలో ఇవీ ఉంటాయి. గుడ్లు సుమారు ఒక రోజులో పొదుగుతాయి. పురుగులు కళేబరాన్ని తిని, మట్టిలోకి దిగి ప్యూపాలవుతాయి. క్రైసోమియా రూఫిఫేసీస్ పురుగు తోటి పురుగులను కూడా తినేస్తుంది.

ఈ ఈగల కడుపులో అడవి హాజరుపట్టీ ఉంటుంది. ఐవరీ కోస్ట్‌లోని తాయ్ నేషనల్ పార్కులోనూ మడగాస్కర్‌లోనూ పట్టిన ఈగల నుంచి డీఎన్‌ఏ తీసి, అక్కడ ఏయే క్షీరదాలున్నాయో పరిశోధకులు గుర్తించారు. ఆ పరిశోధన 2013లో వెలువడింది. వేటతో ఖాళీ అవుతున్న అడవులకు ఇది ఎంతో అవసరమైన లెక్క.

పేర్లతో పనేమిటని పిల్లలు అడుగుతారు. క్రైసోమియా బెజ్జియానా అనే ఈగ చూడటానికి మెగాసెఫలా లాగే ఉంటుంది. 1914లో విల్‌నవ్ దానికి వేరే పేరు పెట్టారు. మెగాసెఫలా ప్రధానంగా చచ్చినదాన్ని తింటుంది. బెజ్జియానా బతికున్న పశువు గాయంలో గుడ్లు పెడుతుంది, దాని పురుగు పచ్చి మాంసాన్ని తొలుచుకుపోతుంది. ఈనిన ఆవుకూ, బొడ్డు ఆరని దూడకూ ఈ రెండు పేర్ల మధ్య తేడా ప్రాణంతో సమానం. గాయానికి పురుగు పడితే ఆలస్యం చేయక పశువైద్యుణ్ణి పిలవండి.

మన బడి సైన్సు ల్యాబుకు నాదొక మనవి. స్వర్ణోత్సవ నిధిలో కొంత పెట్టి నాలుగు మంచి భూతద్దాలు, ఒక స్టీరియో మైక్రోస్కోపు కొనండి. ఈగ రెక్కలోని ఈనెను ఒక్కసారి చూసిన పిల్లవాడు ఇక ఏ ప్రాణినీ "ఏదో పురుగు" అని వదిలేయడు.

సెలవు.