కీవ్ మైదాన్‌కు వచ్చిన పరాయి నాయకులు

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఉక్రెయిన్ దేశంల జనం గుమిగూడే పెద్ద చౌరస్తాను 'మైదాన్' అంటరు. మన నోట్ల నానుతున్న మైదానం అనే మాట గూడ అదే. అరబ్బీ, పారశీక భాషల నుంచి తుర్కుల వెంట అటు పోయింది, ఇటూ వచ్చింది. 2004 నవంబర్ 22న రాజధాని కీవ్‌ల ఉన్న స్వాతంత్ర్య మైదాన్‌కు జనం రావడం మొదలైంది. రెండు మూడు రోజులల్ల లక్షలమంది అయిన్రు. గడ్డకట్టే చలి. నడి సడక్ మీద గుడారాలు వేసుకున్నరు. నారింజ రంగు రుమాళ్లు, నారింజ రంగు జెండాలు. అందుకే దానికి నారింజ విప్లవం అని పేరొచ్చింది. వాళ్ల డిమాండు ఒక్కటే: మేం వేసిన ఓటును వేసినట్టు లెక్కగట్టాలె.

ఆ నగరానికి వేరే దేశాల నాయకులు గూడ వచ్చిన్రు. కొందరు వేదిక ఎక్కి మాట్లాడిన్రు. కొందరు రాజభవనంల కూసోని పంచాయితీ చేసిన్రు. కొందరు దూరం నుంచే ప్రకటనలు ఇచ్చిన్రు. ఇంకొందరు అవతలి పక్క సర్కారు అభ్యర్థికి అండగ నిలబడ్డరు. అప్పటి నుంచి ఒక వాదం నడుస్తనే ఉన్నది. అది జనం లేపిన ఉద్యమమా, బయటోళ్లు లేపిందా? 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్ మీద పడ్డంక ఈ వాదం మల్ల ముందరికొచ్చింది. అక్కడ డాక్టరీ చదువుతున్న మన పిల్లలు బాంబుల నడుమ సరిహద్దులు దాటి ఇండ్లకు చేరినప్పుడు మనమందరం టీవీల ముందట కూసోని చూసినం. అందుకే ఈ ముచ్చట మనకు సక్కగ తెలవాలె.

ముందు పోయింది ఓటు

ఉక్రెయిన్‌ను 1994 నుంచి పదేండ్లు ఏలింది లియోనిద్ కుచ్మా. ఆయన దిగిపోతూ తన ప్రధానమంత్రి విక్తర్ యనుకోవిచ్‌ను అభ్యర్థిగ నిలబెట్టిండు. ప్రతిపక్షం నుంచి విక్తర్ యుష్చెంకో. ఈయన గూడ ఒకప్పుడు కుచ్మా కింద ప్రధానిగ పనిచేసినోడే. ప్రచారం నడుమ సెప్టెంబర్‌ల యుష్చెంకో జబ్బుపడ్డడు. మొఖమంతా ఉబ్బి, మచ్చలు పడి, గుర్తుపట్టరాకుండ అయింది. అది డయాక్సిన్ విషం అని డిసెంబర్‌ల వియన్నా డాక్టర్లు తేల్చిన్రు.

అక్టోబర్ 31న మొదటి విడత. ఇద్దరికీ 39 శాతం చిల్లర, యుష్చెంకో ఇంత ముందున్నడు. నవంబర్ 21న రెండో విడత. ఓటేసి బయటికొచ్చినోళ్లను అడిగి వేసిన అంచనాలల్ల యుష్చెంకో ముందున్నడు. ఎన్నికల సంఘం లెక్కల మాత్రం యనుకోవిచ్‌కు 49.46 శాతం, యుష్చెంకోకు 46.61 శాతం. యనుకోవిచ్ సొంత గడ్డ దొనెత్స్క్‌ల మొదటి విడతకు 78 శాతం చుట్టుపక్కల ఉన్న పోలింగు రెండో విడతకు 96 శాతం దాటింది. ఒకే మనుషులను బస్సులల్ల ఎక్కించి, ఒక బూతు నుంచి ఇంకో బూతుకు తిప్పి ఓట్లు వేయించిన్రు. సొంతూర్ల లేనోళ్ల కోసమని పెట్టిన పత్రాలను ఇష్టమొచ్చినట్టు వాడిన్రు.

దీన్ని ముందుగాల కాదన్నది ఎవరు? వాషింగ్టన్ కాదు, బ్రసెల్స్ కాదు. కీవ్ నగర పాలక మండలి ఈ ఫలితాన్ని ఒప్పుకోమన్నది. 'పోరా' అనే విద్యార్థి యువజన సంఘం, అంటే మన భాషల 'టైమొచ్చింది' అని అర్థం, రోడ్డు మీద గుడారాలు వేసింది. విదేశాంగ శాఖ ఉద్యోగులు, దౌత్యవేత్తలు సర్కారు మాటకు ఎదురు సంతకాలు చేసిన్రు. నవంబర్ 25న సర్కారు టీవీల వార్తలు చదివేటామె యనుకోవిచ్ గెలిచిండని చదువుతుంటే, పక్కన చిన్న డబ్బాల చెవిటోళ్ల కోసం సైగలు చేసే ఉద్యోగిని, ఈ లెక్కలు అబద్ధం, నమ్మొద్దని సైగలతోనే చెప్పింది. ఆమెను ఏ రాయబారి పంపలేదు. జీతం పోతదని తెలిసి గూడ చేసింది. ఉద్యోగులు ఈ సంగతి యాదిల పెట్టుకోవాలె.

సాక్షి, పెద్దమనిషి, వాటాదారు

ఊర్ల ఇద్దరికి తగాదా అయితే బయటి నుంచి వచ్చేటోళ్లు మూడు తీర్లు ఉంటరు. ఒకడు సాక్షి. చూసింది చెప్తడు, పోతడు. ఇంకొకడు పెద్దమనిషి. ఇద్దరిని కూసోబెట్టి మాట్లాడిస్తడు. మూడో వాడు వాటాదారు. తగాదాల తన పాలు ఎంత అని చూసుకుంటడు. కీవ్‌కు ఈ మూడు తీర్ల మనుషులూ వచ్చిన్రు.

సాక్షుల సంగతి చూద్దాం. యూరప్ భద్రతా సహకార సంస్థ పరిశీలకులు ఎన్నిక ప్రమాణాల ప్రకారం జరగలేదన్నరు. అమెరికా అధ్యక్షుడు బుష్ పంపిన సెనేటర్ రిచర్డ్ లూగర్, అధికారుల సహకారంతోనే మోసం జరిగిందని నవంబర్ 22న చెప్పిండు. పాత సోవియట్ దేశాల కూటమి నుంచి వచ్చిన పరిశీలకులు మాత్రం ఎన్నిక సక్కగనే జరిగిందన్నరు. సాక్షులు రెండు తీర్ల మాట్లాడితే ఏం చేయాలె? రుజువులు చూడాలె. ఆ రుజువులను ఉక్రెయిన్ సుప్రీంకోర్టు జనమంతా టీవీల చూస్తుండంగ విన్నది. డిసెంబర్ 3న రెండో విడత ఫలితాన్ని కొట్టేసింది. తీర్పిచ్చింది ఆ దేశపు న్యాయమూర్తులే.

పెద్దమనుషుల సంగతి ఇంకా తెలుసుకోదగ్గది. పోలండ్ అధ్యక్షుడు అలెగ్జాండర్ క్వాస్నియెవ్‌స్కీ, లిథువేనియా అధ్యక్షుడు వాల్దాస్ ఆదంకుస్, యూరోపియన్ యూనియన్ విదేశాంగ బాధ్యుడు హవియెర్ సొలానా నవంబర్ 26న కీవ్‌ల మొదటిసారి కూసున్నరు. రష్యా పార్లమెంటు దిగువసభ స్పీకర్ బోరిస్ గ్రిజ్‌లోవ్‌కు గూడ కుర్చీ వేసిన్రు. కుచ్మా, ఇద్దరు అభ్యర్థులు ఒకే బల్ల చుట్టూ కూసున్నరు. డిసెంబర్ 1న, 6న మల్ల కూసున్నరు. అక్కడ పట్టుబట్టిన మాట బలప్రయోగం వద్దని, దారి చట్టంల వెతుకుదామని. ఇది ఉత్త మాట కాదు. నవంబర్ 28 రాత్రి హోంశాఖ బలగాలు కీవ్ దిక్కు కదిలినయి. అవి మధ్యల ఆగిపోకపోతే ఆ మైదాన్‌ల నెత్తురు పారేది.

పోలండ్ వాళ్లకే ఈ పంచాయితీ ఎట్ల చేతనైంది? వాళ్లు ఆ బల్ల మీద ఎన్కట కూసున్నోళ్లే గనుక. 1989ల పోలండ్‌ల కమ్యూనిస్టు సర్కారుకు, సాలిడారిటీ కార్మిక ఉద్యమానికి నడుమ గుండ్రబల్ల చర్చలు జరిగినయి. ఉద్యమం దిక్కు పెద్ద లెక్ వాలెసా. సర్కారు దిక్కు కూసున్నోళ్లల్ల క్వాస్నియెవ్‌స్కీ ఒకడు. తర్వాత 1995 ఎన్నికలల్ల వాలెసాను ఓడించి అధ్యక్షుడైంది గూడ ఆయనే. గడ్డాంక పగోళ్లు అనుకోవచ్చు. కని 2004 నవంబర్‌ల ఇద్దరూ కీవ్‌కు పోయిన్రు. వాలెసా మైదాన్‌ల జనంతోని మాట్లాడిండు. క్వాస్నియెవ్‌స్కీ లోపల బల్ల కాడ కూసున్నడు. ఒకరు జనానికి ధైర్యమిచ్చిన్రు, ఒకరు ఏలేటోళ్లకు బయటపడే దారి చూపించిన్రు. ఉద్యమానికి రెండూ కావాలె.

పోలండ్‌కు స్వార్థం లేదా? ఉన్నది. ఉక్రెయిన్‌తోని వాళ్లకు 500 కిలోమీటర్లకు పైగా సరిహద్దు. పక్కింట్ల నిప్పు అంటుకుంటే సెగ తమకే అని వాళ్లకు ఎరుక. రష్యాకు, తమకు నడుమ ఒక గట్టి దేశం ఉండాలని వాళ్ల కోరిక. అయినా వాళ్లు అడిగింది మల్ల ఓటు పెట్టమని. ఫలానా ఆయనను కుర్చీల కూసోబెట్టమని కాదు. ఈ తేడా మనం పట్టుకోవాలె.

వాటాదారుల లెక్కలు

రష్యా అధ్యక్షుడు పుతిన్ మొదటి విడతకు ముందు, మల్ల రెండో విడతకు ముందు ఉక్రెయిన్‌కు పోయిండు. ఓట్ల లెక్క అధికారికంగ ప్రకటించకముందే యనుకోవిచ్‌కు శుభాకాంక్షలు చెప్పిండు. మాస్కో నుంచి గ్లెబ్ పావ్లోవ్‌స్కీ లాంటి ఎన్నికల నిపుణులు దిగి ప్రచారం నడిపిన్రు. నవంబర్ 28న తూర్పు ప్రాంత నాయకులు సెవెరొదొనెత్స్క్‌ల సభ పెట్టి, యుష్చెంకో వస్తే మా దారి మాదే అన్నప్పుడు, మాస్కో మేయర్ యూరీ లుజ్‌కోవ్ ఆ వేదిక మీదనే ఉన్నడు. లెక్క తేలకముందే గెలుపు పంచేటోడు సాక్షి ఎట్లయితడు, పెద్దమనిషి ఎట్లయితడు?

ఇగ అమెరికా దిక్కు చూద్దాం. విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ నవంబర్ 24న, ఈ ఫలితాన్ని మేం ఒప్పుకోమని చెప్పిండు. మాట నిజమే. కని చెప్పిందెవరు? 2003 ఫిబ్రవరిల ఐక్యరాజ్యసమితిల నిలబడి ఇరాక్ కాడ మారణాయుధాలు ఉన్నయని చెప్పిన పావెలే. ఆ ఆయుధాలు దొరకనే లేదు. ఉక్రెయిన్‌ల ప్రజాస్వామ్య కార్యక్రమాల పేరు మీద రెండేండ్లల్ల అమెరికా ఆరున్నర కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టిందని అప్పుడే వార్తలొచ్చినయి.

ఇంకో సంగతి చెప్తా. 2003 అక్టోబర్‌ల అజర్‌బైజాన్‌ల ఎన్నిక జరిగింది. తండ్రి హైదర్ అలియెవ్ కుర్చీ కొడుకు ఇల్హామ్‌కు వచ్చింది. పరిశీలకులు తప్పులు ఎత్తిచూపిన్రు. రోడ్డు మీదికొచ్చిన జనాన్ని పోలీసులు చావగొట్టిన్రు. అక్కడికి ఏ నాయకుడు నారింజ రుమాలు గట్టుకొని పోలేదు. అమెరికా విదేశాంగ ఉపమంత్రి ఫోన్ చేసి ఇల్హామ్‌కు అభినందనలు చెప్పిండు. ఎందుకంటే బాకు నుంచి మధ్యధరా సముద్రందాక చమురు గొట్టం పడుతున్నది. చమురున్న కాడ ఓటు గుర్తుకు రాలేదు.

మరి అమెరికా మాటల స్వార్థం ఉన్నదని, కీవ్ జనం ఓటు దొంగలు ఎత్తుకపోలేదంటమా? అట్లనలేం. దొంగతనం జరిగిన ఇంటి ముందు నిలబడి ఒక మోసగాడు, దొంగతనం జరిగింది అని అరిస్తే, దొంగతనం అబద్ధమైపోదు. అరిచినోడి నీతి వేరు, పోయిన సొమ్ము వేరు. బయటోళ్ల చెయ్యి ఉన్నదని ఎత్తిచూపేటోళ్లు ఎప్పుడూ ఈ రెండిటినీ కలిపి చెప్తరు. ఇంకొకటి, బయటోళ్లు మద్దతిచ్చిన యుష్చెంకో, ఇరాక్ నుంచి మన సైనికులను వాపసు తెస్తా అని మాటిచ్చినోడు. 2005 డిసెంబర్ కల్లా తెచ్చిండు గూడ.

గెలిచినంక ఏమైంది

డిసెంబర్ 8న పార్లమెంటు ఒక రాజీ చట్టం చేసింది. దొంగ ఓట్లకు దారిచ్చే పద్ధతులను బిగించిన్రు. బదులుగ, అధ్యక్షుడి అధికారాలు కొన్ని తర్వాత పార్లమెంటుకు పోవాలన్నరు. డిసెంబర్ 26న మల్ల ఓటు. బయటి దేశాల పరిశీలకులే 12 వేల మందికి పైగా. యుష్చెంకోకు 51.99 శాతం, యనుకోవిచ్‌కు 44.20 శాతం. నెత్తురు చుక్క పడకుండ జనం గెలిచిన్రు.

ఆ తర్వాత బయటి నాయకులు విమానాలెక్కి పోయిన్రు. గుడారాలు లేచినయి. గెలిచినోళ్లు తమలో తాము కొట్లాడుకున్నరు. తొమ్మిది నెలలు తిరగకముందే యుష్చెంకో తన తోటి నాయకురాలు తిమోషెంకోను ప్రధాని పదవి నుంచి తీసేసిండు. 2006ల అదే యనుకోవిచ్ ప్రధాని అయిండు. 2010ల అధ్యక్ష పదవినే గెలిచిండు. ఈసారి ఎన్నిక సక్కగ జరిగిందని పరిశీలకులే చెప్పిన్రు. మైదాన్ వీరుడు యుష్చెంకోకు ఆ ఎన్నికల వచ్చింది 5.45 శాతం. ఓటు కాపాడుకునే కాడికి బయటి సాక్షి పనికొచ్చిండు. సర్కారు నడిపే కాడికి ఎవడూ పనికిరాలేదు. అది ఇంటోళ్లు చేసుకోవాల్సిన పని.

2013 చలికాలంల మైదాన్ మల్ల నిండింది. అమెరికా సెనేటర్ జాన్ మెకెయిన్ వేదికెక్కిండు. అమెరికా విదేశాంగ అధికారి విక్టోరియా న్యూలాండ్ జనానికి రొట్టెలు, బిస్కట్లు పంచింది. కొత్త సర్కారుల ఎవరుండాలె, ఎవరొద్దు అని ఆమె తమ రాయబారితోని మాట్లాడిన ఫోను 2014 ఫిబ్రవరిల బయటపడ్డది. అది సాక్షి మాట్లాడే మాట కాదు, వాటాదారు మాట. పిలవనోడు వచ్చి ఇంటి పెత్తనం చేస్తే ఇంటోళ్ల పరువే పోతది. ఆ మైదాన్‌ల వందమందికి పైగా చచ్చిపోయిన్రు. ఆ ఫోను సంభాషణ చూపించి, వాళ్ల చావును గూడ పరాయి కుట్ర అని తీసిపారేసేటోళ్లకు ఆయుధం దొరికింది. కని ఒకామె బిస్కట్లు పంచిందని ఇంకొకడు టాంకులు తోలుడు ఏ న్యాయం? 2014 మార్చిల క్రిమియాను కలుపుకునుడు, 2022ల దేశం మీద పడుడు, వీటికి అది జవాబు కానే కాదు.

మిత్రులారా, నేను చెప్పేది ఇంతే. బయటోడు వచ్చి మద్దతిస్తే మురిసిపోవద్దు, వచ్చిండని సిగ్గుపడొద్దు. మూడు ప్రశ్నలు వేయాలె. ఆయన రాకముందే మన జనం కూసున్నరా? ఆయన అడుగుతున్నది పద్ధతా, మనిషా? ఇదే అన్యాయం తన దోస్తు ఇంట్ల జరిగితే ఇదే మాట అంటడా? మొదటి రెండిటికి జవాబు సక్కగ ఉంటే సాక్షిగ కూసోబెట్టుకోవాలె. మూడోదానికి జవాబు సక్కగ లేకుంటే, కూసోబెట్టుకొని గూడ కుర్చీ మీద ఒక కన్నేసి ఉంచాలె. కీవ్‌ల 2004ల గెలిచింది రాయబారుల ప్రకటనలు కాదు. చలిల గుడారాలు వేసుకున్న విద్యార్థులు, జీతం పోతదని తెలిసీ అబద్ధం చదవమన్న ఉద్యోగులు. వాళ్లు కూసున్నరు కాబట్టే బయటోళ్లు వచ్చిన్రు.